హోటళ్లు, సర్వీసుల మీద నేను రాసే రివ్యూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండే నగరంలో తినే చోట్ల గురించి, పని చేయించుకునే మనుషుల గురించి రివ్యూలు రాస్తుంటాను. హోటల్, సెలూన్, టైలర్, మెకానిక్, ప్లంబర్, లాండ్రీ, ఇంటి సామాను మార్చేవాళ్లు, ఏదైనా సరే. నా డబ్బు పెట్టి వెళ్తాను, చూసింది రాస్తాను. చదివినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కొందరు ఆసక్తితో అడుగుతారు, కొందరు నిష్ఠూరంగా అడుగుతారు. ఇద్దరికీ జవాబు చెప్పాల్సిందే.

ఇంత పొడుగు రాయడం ఎందుకు? స్టార్లు ఇచ్చేస్తే సరిపోదా?

సరిపోదు. మూడు స్టార్లు అంటే ఏమిటో ఎవరికి తెలుస్తుంది? వంట బాగుండి సర్వీసు ఆలస్యమైనా మూడే. సర్వీసు చకచకా ఉండి వంట చప్పగా ఉన్నా మూడే. అన్నీ ఓ మోస్తరుగా ఉన్నా మూడే. తొందరలో ఉన్న మనిషికి మొదటి హోటల్ పనికిరాదు. తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకుందామనుకునే వాళ్లకి అదే హోటల్ హాయిగా ఉంటుంది. స్టార్ ఈ తేడా చెప్పదు.

అసలు మొదట్లో స్టార్‌కి చాలా స్పష్టమైన అర్థం ఉండేది. ఫ్రాన్స్‌లో టైర్లు తయారుచేసే మిషెలిన్ కంపెనీ 1900లో కారు ప్రయాణికుల కోసం ఒక గైడు వేసింది. అందులో మంచి హోటళ్లకి స్టార్ ఇవ్వడం 1926లో మొదలైంది, ఒకటి, రెండు, మూడు అనే మెట్లు 1931లో వచ్చాయి. ఒక స్టార్ ఉంటే దారిలో ఆగదగ్గ చోటు. రెండుంటే దారి మళ్లి వెళ్లదగ్గ చోటు. మూడుంటే దానికోసమే ప్రయాణం కట్టదగ్గ చోటు. ఎంత దూరం వెళ్లొచ్చు అన్న ప్రశ్నకి అది జవాబు. పైగా అది ప్లేట్లో ఉన్నదానికి ఇచ్చే స్టారే తప్ప కుర్చీలకీ అలంకరణకీ ఇచ్చేది కాదు. ఇప్పుడు ఫోన్లో మనం నొక్కే ఐదు స్టార్లలో వంట, పార్కింగ్, ఏసీ, ఆ రోజు మన మూడ్ అన్నీ కలగలిసిపోతున్నాయి.

అందుకే నేను స్టార్లు ఇవ్వను. దూరం లెక్క మాత్రం పెట్టుకున్నాను. ప్రతి రివ్యూ చివర ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది: పనిగట్టుకుని వెళ్లండి, దగ్గర్లో ఉంటే వెళ్లండి, పక్కనే ఉన్నా ఇంకోటి చూసుకోండి. ఆ మాట అన్నందుకు కారణాలు చెప్పడానికే మిగతా రివ్యూ అంతా.

ఒక హోటల్ గురించి రాసే ముందు ఎన్నిసార్లు వెళ్తారు?

వీలైనంత వరకు ఒక్కసారితో ఆపను. ఒక పూట బాగాలేకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. వంట మాస్టర్ సెలవు పెట్టి ఉండొచ్చు, గ్యాస్ అయిపోయి ఉండొచ్చు, ఒకేసారి పెద్ద గుంపు దిగి ఉండొచ్చు. ఒక పూట బాగుండటానికీ అన్నే కారణాలుంటాయి. అందుకని ఒకసారి రద్దీ వేళ, ఇంకోసారి ఖాళీ వేళ వెళ్తాను. నా అనుభవంలో ఖాళీ వేళే ఎక్కువ నిజం చెబుతుంది. జనం కిటకిటలాడుతున్నప్పుడు ఏ హోటల్లోనైనా వంట పొయ్యి మీంచి నేరుగా బల్ల మీదికే వస్తుంది. మిగిలినదాన్ని ఎలా ఉంచుతున్నారు, ఎలా వేడి చేస్తున్నారు అన్నది ఎవరూ లేని మధ్యాహ్నం పూటే బయటపడుతుంది.

ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్తే ఎక్కువ రకాలు రుచి చూడొచ్చు. ఒంటరిగా వెళ్తే మర్యాద తెలుస్తుంది. ఒక్కరే వచ్చారని తలుపు పక్కనో, చేతులు కడుక్కునే చోటు పక్కనో బల్ల చూపించే హోటళ్లు చాలా ఉన్నాయి. ఒంటరిగా తినేవాళ్లు నగరంలో ఎంతమంది ఉంటారో ఆ యజమానులకి తట్టదేమో.

ఒక్కసారే వెళ్లగలిగిన చోటైతే ఆ సంగతి మొదటి లైన్లోనే ఉంటుంది: ఒక్కసారే వెళ్లాను, ఫలానా రోజు, ఫలానా వేళ అని. దూరపు చోట్లకీ, ఖరీదైన చోట్లకీ మళ్లీ మళ్లీ వెళ్లడం నా వల్ల కాదు. వార్తాపత్రికల్లో రాసే విమర్శకులకి ఆ వెసులుబాటు ఉంటుంది. 1957లో న్యూయార్క్ టైమ్స్ ఫుడ్ ఎడిటర్‌గా చేరిన క్రెయిగ్ క్లెయిబోర్న్ కాలం నుంచి పేరు చెప్పకుండా వెళ్లడం, ఒకటికి రెండుసార్లు వెళ్లడం, బిల్లు పత్రికే కట్టడం ఒక పద్ధతిగా పాతుకున్నాయి. సొంత డబ్బుతో రాసేవాళ్లం అంతా పాటించలేకపోయినా, ఏది పాటించలేదో చెప్పగలం.

రివ్యూ రాస్తున్నట్టు హోటల్ వాళ్లకి చెబుతారా?

చెప్పను. చెప్పిన మరుక్షణం నాకు దొరికేది మీకు దొరకదు. 1993లో న్యూయార్క్ టైమ్స్‌కి రాసే రూత్ రైకల్ పేరుమోసిన ఒక రెస్టారెంట్‌కి మారువేషంలో వెళ్లారు, ఆ తర్వాత వాళ్లు తనని గుర్తుపట్టినప్పుడూ వెళ్లారు. ముక్కూమొహం తెలియని మనిషిగా వెళ్లినప్పుడు ఎదురైన నిర్లక్ష్యాన్నీ, విమర్శకురాలిగా వెళ్లినప్పుడు జరిగిన రాచమర్యాదనీ పక్కపక్కనే పెట్టి రాశారు. రెస్టారెంట్‌కి అప్పటిదాకా ఉన్న నాలుగు స్టార్లని మూడు చేశారు. నాకు మారువేషాలు అక్కర్లేదు, నన్నెవరూ గుర్తుపట్టరు. అది ఈ పనిలో నాకున్న పెద్ద సౌకర్యం. బల్ల దగ్గర నోటుబుక్కు తీయను, బయటికొచ్చాక ఫోన్లో రాసుకుంటాను.

ఫ్రీగా పెడతాం, డిస్కౌంట్ ఇస్తాం అని పిలిస్తే?

వెళ్లను. వెళ్తే బాగాలేదని రాయడానికి చెయ్యి రాదు. ఎంత నిజాయితీ ఉన్నా సరే, ఎదురుగా నిలబడి ప్రేమగా వడ్డించిన మనిషి మొహం గుర్తొస్తుంది.

తీసుకునేవాళ్లందరినీ నేను తప్పుపట్టను. తీసుకున్న సంగతి చదివేవాళ్లకి కనిపించేలా చెప్పాలి, అంతే. దీన్ని చాలా దేశాలు ఇప్పుడు సీరియస్‌గా తీసుకుంటున్నాయి. మంచిగా రాస్తేనే బహుమతి అనే షరతు పెట్టడాన్ని, నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడాన్ని నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన నిబంధన 2024 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే నుంచి, రివ్యూలు నిజమైన కస్టమర్లవేనా కాదా అన్నది ఎలా చూస్తున్నారో వ్యాపారులు చెప్పాలి. భారత ప్రమాణాల సంస్థ కూడా 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది.

రుచి ఎవరిది వాళ్లది. మీకు నచ్చనిది మాకు నచ్చొచ్చు కదా?

తప్పకుండా. లోకో భిన్నరుచిః అన్నమాట శరీరం దగ్గరే మొదలవుతుంది. 1930ల మొదట్లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబులో ఒక పొడి పోస్తుంటే గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదు చేదు అన్నాడు. ఫాక్స్‌కి ఏ రుచీ తగల్లేదు. ఆ తేడా వంశపారంపర్యంగా వస్తుందని తర్వాత తేలింది, దానికి కారణమైన జన్యువుని 2003లో గుర్తించారు. ఒకే ముద్ద ఇద్దరి నోట్లో రెండు రకాలుగా ఉండటం నిజంగా జరిగేదే.

చుట్టూ ఉన్న చప్పుడు కూడా రుచిని మారుస్తుంది. పెద్ద శబ్దం మధ్య తింటే ఉప్పు, తీపి తక్కువగా తెలుస్తాయని 2011లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. స్పీకర్లు హోరెత్తే హోటల్లో అన్నీ చప్పగా ఉన్నాయని ఎవరైనా అంటే, ఆ వంటనే పార్సిల్ తెచ్చుకుని ఇంట్లో తిని చూడమంటాను. జలుబు చేసినప్పుడు నేను ఏ హోటల్ మీదా రాయను. విపరీతమైన ఆకలితో వెళ్లినప్పుడు మొదటి నాలుగు ముద్దల మీద వచ్చిన అభిప్రాయాన్ని నమ్మను.

ఇన్ని ఉన్నాయి కదా అని రివ్యూ రాయడం దండగేమీ కాదు. రాసే పద్ధతి మార్చుకుంటే చాలు. ప్రతి మాటా రాసేముందు నన్ను నేను అడుగుతాను: ఇది వంట గురించా, నా గురించా? చల్లారిపోయి వచ్చింది, అంచులు మాడాయి, మెనూలో రాసిన దినుసు అందులో లేదు, నూనె కమురు వాసన వేసింది. ఇవి వంట గురించి, పక్కన కూర్చున్నవాళ్లూ ఒప్పుకుంటారు. కారం ఎక్కువైంది అన్నది మాత్రం నా గురించి కూడా. అలాంటప్పుడు నేను ఎంత కారం తింటానో కూడా చెబుతాను. నాలుగైదు రివ్యూలు చదివితే నా నాలుక మీకు పరిచయమైపోతుంది. ఆమెకి నచ్చలేదంటే నాకు నచ్చుతుంది అని ఒక పాఠకుడు అన్నాడు. అతని విషయంలో నా రివ్యూ తన పని చక్కగా చేసినట్టే.

వంటింట్లోకి మనల్ని రానివ్వరు. శుభ్రత గురించి ఎలా రాస్తారు?

కనిపించినంత వరకే రాస్తాను, కనిపించేదీ తక్కువేమీ కాదు. బల్ల తుడిచే గుడ్డ ఏ రంగులో ఉంది, దాన్ని ఎక్కడ ముంచి పిండుతున్నారు. గ్లాసులు వేళ్లు లోపల పెట్టి పట్టుకుంటున్నారా. డబ్బు తీసుకున్న చేత్తోనే తినే వస్తువు ముట్టుకుంటున్నారా. చేతులు కడుక్కునే చోట సబ్బుందా. బాత్రూమ్ ఎలా ఉంది అన్నది కచ్చితంగా చూస్తాను. కస్టమర్లకి కనిపించే గదినే పట్టించుకోనివాళ్లు కనిపించని వంటింటిని పట్టించుకుంటారని నమ్మడం నాకు కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహార భద్రతకి ఐదు సూత్రాలు చెప్పింది: శుభ్రంగా ఉండటం, పచ్చివాటినీ వండినవాటినీ వేరుగా ఉంచడం, బాగా ఉడికించడం, సరైన వేడిలో లేదా చల్లదనంలో ఉంచడం, మంచి నీళ్లూ మంచి సరుకూ వాడటం. నాలుగోది మనం బయట కూర్చునే గమనించొచ్చు. వండినదాన్ని రెండు గంటలకి మించి గది వేడిలో ఉంచకూడదు, వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్‌కి పైన ఉంచాలి. బఫేలో గిన్నెల కింద మంట ఆరిపోయి, పదార్థాలు గోరువెచ్చగా ఉన్నాయంటే అది రుచికి సంబంధించిన చిన్న లోపం కాదు. రివ్యూలో మొదట రాయాల్సిన విషయం అదే.

ఫలానా హోటల్లో తిన్నాక కడుపు పాడైంది. రాయమంటారా?

రాసేముందు కాస్త ఆగండి. అందరం చివర తిన్న చోటునే అనుమానిస్తాం. కానీ స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా విడిచే విషం అయితే అరగంట నుంచి 8 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి. నోరోవైరస్ అయితే 12 నుంచి 48 గంటలు పడుతుంది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అయితే 6 గంటల నుంచి 6 రోజుల దాకా పట్టొచ్చు. అంటే నిన్నటి హోటల్ కాకుండా మొన్నటి విందో, ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిందో కారణం కావొచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి తిని, వేరే ఏదీ కలిసి తినకుండా, అందరికీ ఒకే సమయంలో బాగాలేకపోతే అప్పుడు అనుమానానికి బలం ఉంటుంది. అలాంటిది జరిగితే ముందు డాక్టర్‌కి చూపించుకుని, ఆహార భద్రత అధికారులకి ఫిర్యాదు చేయండి. వాళ్లు తనిఖీ చేయగలరు, నమూనాలు తీయగలరు. రివ్యూకి ఆ శక్తి లేదు.

వేరేవాళ్ల రివ్యూలు, రేటింగులు ఎలా చదవాలి?

సగటు అంకెని చివర చూడండి. రేటింగులు మామూలుగా రెండు కొసల్లో పేరుకుంటాయి: ఐదులు చాలా, ఒకట్లు కొన్ని, మధ్యలో కొంచెమే. కారణం తేలిగ్గానే తెలుస్తుంది. చాలా సంతోషించినవాళ్లకీ బాగా మండినవాళ్లకీ రాయాలనిపిస్తుంది. పర్వాలేదు అనుకున్నవాళ్లు చేతులు తుడుచుకుని ఇంటికి వెళ్లిపోతారు. అందుకే నేను రెండు, మూడు, నాలుగు స్టార్ల రివ్యూలు ముందు చదువుతాను. ఇది బాగుంది, అది బాగాలేదు అని విడదీసి చెప్పే మనుషులు అక్కడ దొరుకుతారు.

తర్వాత తేదీలు. వంట మాస్టర్ మారితే హోటల్ మారినట్టే. రెండేళ్ల కిందటి పొగడ్త ఇవాళ్టి ప్లేటుకి వర్తించదు. కొత్త రివ్యూల్లో ఒకే ఫిర్యాదు వేర్వేరు మనుషుల నోట వినిపిస్తుంటే అది నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఒకే ఒక్క మనిషి ఆక్రోశాన్ని ఒక మనిషి ఆక్రోశంగానే తీసుకుంటాను.

ఫిర్యాదు దేని గురించో కూడా చూడండి. పార్కింగ్ లేదని ఒక స్టార్ ఇచ్చారనుకోండి, మీరు నడిచి వెళ్లేవాళ్లయితే అది మీకు సంబంధం లేని స్టార్.

నకిలీ రివ్యూలు పట్టుకోవడం సాధ్యమేనా?

అనుకున్నంత తేలిక కాదు. 2011లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు షికాగోలోని బస హోటళ్ల మీద నిజమైన రివ్యూలు 400, డబ్బిచ్చి రాయించిన అబద్ధపు రివ్యూలు 400 పోగుచేశారు. వాటిలో కొన్నింటిని మనుషులకి చూపించి ఏవి అబద్ధమో చెప్పమంటే బొమ్మా బొరుసా వేసినంత కచ్చితత్వమే వచ్చింది. కంప్యూటర్ ప్రోగ్రాం మాత్రం దాదాపు 90 శాతం సరిగ్గా చెప్పింది. అది గమనించినవాటిలో ఒకటి నాకు బాగా ఉపయోగపడుతుంది: నిజంగా ఉండి వచ్చినవాళ్లు గది, బాత్రూమ్, ఎక్కడ ఏముంది అనే స్థలం వివరాలు ఎక్కువగా రాశారు. కల్పించినవాళ్లు ఎవరితో వెళ్లారు, ఎందుకు వెళ్లారు అనే కథ ఎక్కువగా రాశారు.

2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత తన ఇంటి పెరటి షెడ్డుని రెస్టారెంట్‌గా ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల వెబ్‌సైట్‌లో నమోదు చేసి, తెలిసినవాళ్లతో రివ్యూలు రాయించి, నగరంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నాడు. ఆ రెస్టారెంట్ లేనే లేదు. బల్ల కోసం జనం ఫోన్లు చేశారు. అడిగినవాళ్లకల్లా ఖాళీ లేదని చెప్పడంతో గిరాకీ ఇంకా పెరిగింది.

మోసం ఎందుకు ఇంత పెరిగిందో అర్థం కావాలంటే డబ్బు చూడాలి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైకేల్ లూకా సియాటిల్ నగరంలోని రెస్టారెంట్ల లెక్కలు పరిశీలించారు. యెల్ప్ అనే రివ్యూల వెబ్‌సైట్‌లో ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోందని తేలింది. ఒకే పేరుతో చాలా బ్రాంచీలు నడిపే గొలుసు హోటళ్ల మీద ఆ ప్రభావం కనిపించలేదు, విడి హోటళ్ల మీదే కనిపించింది. పేరున్న గొలుసు హోటల్ గురించి మనకి ముందే ఒక అంచనా ఉంటుంది. వీధి చివర ఒక్క హోటల్ నడుపుకునే మనిషికి మాత్రం రివ్యూయే పరిచయం.

నేను చూసే గుర్తులు మామూలువే. ఒకే వారంలో గుంపుగా వచ్చిన ఐదు స్టార్లు, ఒక్క వంటకం పేరూ చెప్పని పొగడ్తలు, అప్పుడే పుట్టిన అకౌంట్లు, పక్క హోటల్ పేరు చెప్పి దాన్ని తిట్టే వాక్యాలు.

అదే మాట ఇంకోలా అడుగుతాను: మీ రివ్యూ వల్ల చిన్న హోటల్ వాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా?

ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. పైన చెప్పిన లెక్కే దీనికి ఆధారం. నా మాట పెద్ద కంపెనీని కదిలించదు, చిన్నవాళ్లని కదిలిస్తుంది. అలాగని చిన్నవాళ్ల గురించి మంచి మాత్రమే రాస్తే, అక్కడ తినబోయే మనిషికి అన్యాయం చేసినట్టు. ఆ మనిషి కూడా లెక్క చూసుకుని నెలకి ఒకసారి బయట తినేవాడే కావొచ్చు.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది. చిన్నచోట్ల ఒక్కసారి బాగాలేకపోతే రాయను, మళ్లీ వెళ్తాను. రెండోసారీ అంతే అయితే బిల్లు కట్టేటప్పుడు యజమానికి చెబుతాను. "అన్నా, ఇవాళ ఇది పుల్లబడినట్టుంది, ఒకసారి చూడండి" అంటే చాలామంది నొచ్చుకోరు, అక్కడికక్కడే రుచి చూస్తారు. ఆ చూసిన తీరు కూడా నా రివ్యూలోకి వస్తుంది. శుభ్రత విషయంలో మాత్రం చిన్నా పెద్దా తేడా చూపించను.

పనిచేసేవాళ్ల పేర్లు రాయను. విమర్శ అయితే అసలే రాయను. ఫలానా కుర్రాడు విసుక్కున్నాడని పేరుతో రాస్తే మర్నాడు అతని ఉద్యోగం పోవచ్చు. అతను పొద్దుటి నుంచి ఎన్ని గంటలు నిలబడి ఉన్నాడో నాకు కనిపించదు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడితో చేయిస్తున్నారని నాకు అనిపిస్తే ఆ మాటే రాస్తాను, ఎందుకంటే అది యజమాని చేసిన నిర్ణయం. పార్సిల్ తెచ్చే కుర్రాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. వంటింట్లో అరగంట ఆలస్యమైతే అతని రేటింగ్ తగ్గించడం అన్యాయం. యాప్‌లో తెచ్చినవాళ్లకి వేరు, హోటల్‌కి వేరు అడుగుతారు. దయచేసి చదివి నొక్కండి.

ప్లంబర్, మెకానిక్ లాంటివాళ్ల పనిని ఎలా అంచనా వేస్తారు? మనకి ఆ పని తెలియదు కదా.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. ఆర్థికవేత్తలు దీన్ని చక్కగా విడదీశారు. కొన్నింటిని కొనేముందే చూసి తేల్చుకోవచ్చు. కొన్ని వాడితేనే తెలుస్తాయి. ఈ తేడాని 1970లో ఫిలిప్ నెల్సన్ చెప్పాడు. 1973లో డార్బీ, కార్నీ మూడో రకాన్ని చేర్చారు: కొన్ని వాడినా తెలియవు, నమ్మకం మీదే కొంటాం. హోటల్ భోజనం రెండో రకం, తినగానే తేలిపోతుంది. బండి రిపేరు మూడో రకం. బండి నడుస్తోంది సరే, మార్చామన్న పార్టు నిజంగా మార్చాల్సిందేనా, అసలు మార్చారా అన్నది మనకి తెలియదు.

అందుకని పనిని కాకుండా పని చుట్టూ ఉన్న పద్ధతిని చూస్తాను. పని మొదలుపెట్టక ముందే ఎంతవుతుందో చెప్పాడా. మధ్యలో ఖర్చు పెరిగితే ఆగి అడిగాడా, అయిపోయాక చెప్పాడా. ఏం పాడైందో చూపించి చెప్పాడా. తీసేసిన పార్టు చేతికిచ్చాడా. రసీదులో సామానుకి ఎంత, కూలికి ఎంత అని విడిగా రాశాడా. చెప్పిన రోజుకి వచ్చాడా, రాలేకపోతే ఫోన్ చేశాడా. మళ్లీ పాడైతే వచ్చి చూశాడా. వీటిలో ఏదీ తెలుసుకోవడానికి మనకి మెకానిక్ పని రానక్కర్లేదు.

ఒకసారి మా ఇంట్లో వాషింగ్ మెషిన్‌లోకి నీళ్లు రావడం ఆగిపోయింది. వచ్చిన మనిషి చూడగానే బోర్డు పోయింది, మార్చాలి అన్నాడు. "సరే బాబూ, పాత బోర్డు మాత్రం నాకిచ్చి వెళ్లు" అన్నాను. కాసేపు ఆగి, ఇంకోసారి చూస్తానన్నాడు. చివరికి నీళ్ల పైపు బిగించే చోట ఉండే చిన్న జాలీ మట్టితో మూసుకుపోయిందని తేలింది. కడిగి పెట్టాడు, మెషిన్ నడిచింది. దీనికి విరుద్ధంగా, నేను పార్టు మార్చమని అడిగినా "ఇప్పుడే వద్దు మేడమ్, ఇంకా చాలా రోజులు నడుస్తుంది" అని పంపేసిన మెకానిక్ ఉన్నాడు. అతని గురించి ఎంత పొడుగు రివ్యూ రాసినా నాకు తృప్తి ఉండదు.

ఇలాంటి పనుల మీద రివ్యూ వెంటనే రాయకూడదు. కారుతున్న కుళాయి ఆగిందా లేదా అన్నది కొన్ని వారాలకి తెలుస్తుంది. బట్టల కుట్టు రెండు ఉతుకులయ్యాక తెలుస్తుంది. జుట్టు కత్తిరించిన తీరు ఇంటికొచ్చి తలస్నానం చేసి మనమే దువ్వుకున్నాక తెలుస్తుంది. ఇల్లు మారినప్పుడు సామాను మోసినవాళ్లని అన్ని పెట్టెలూ విప్పాక గానీ మెచ్చుకోకండి.

డాక్టర్ల మీద రాస్తారా?

వైద్యం మీద రాయను. జబ్బు తగ్గడం, తగ్గకపోవడం మీద ఆధారపడి డాక్టర్ పనితనం తేల్చే అర్హత నాకు లేదు. ఎంతసేపు కూర్చోబెట్టారు, ప్రశ్నలు అడగనిచ్చారా, బిల్లు అర్థమయ్యేలా ఉందా అన్నవి రాస్తాను.

చేదు అనుభవం రాస్తే కేసు పెడతారేమో అని టెన్షన్‌గా ఉంటుంది.

పరువునష్టం చట్టాలు దేశానికొక రకంగా ఉంటాయి కాబట్టి అందరికీ పనికొచ్చే హామీ నేనివ్వలేను. నేను పాటించేది చెబుతాను. జరిగింది రాస్తాను, ఉద్దేశాలు అంటగట్టను. "ఒప్పుకున్న దానికంటే బిల్లు ఎక్కువ వచ్చింది, అడిగితే కారణం చెప్పలేదు" అన్నది నేను చూసింది. "వీళ్లు దొంగలు" అన్నది తీర్పు. మొదటి వాక్యానికి నా దగ్గర రసీదు ఉంటుంది, మెసేజ్‌లు ఉంటాయి. చదివినవాళ్లకి కూడా మొదటి వాక్యమే ఎక్కువ పనికొస్తుంది. రాసేముందు వాళ్లకి ఒక అవకాశం ఇస్తాను. సరిదిద్దితే సరిదిద్దారని కూడా రాస్తాను. కోపంలో రాసినదాన్ని ఆ రాత్రి బయటపెట్టను.

యజమాని ఫోన్ చేసి తీసేయమంటే?

తీసేయను. రాసిన తర్వాత ఏం మార్చారో చెప్పమంటాను, వీలు చూసుకుని మళ్లీ వెళ్తాను, కొత్త తేదీతో కింద చేరుస్తాను. పాతది పైన అలాగే ఉంటుంది. రివ్యూకి బదులిస్తూ యజమాని మర్యాదగా వివరణ రాస్తే ఆ వివరణని తప్పకుండా చదవమంటాను.

ఫోటోలు ఎందుకు తక్కువ పెడతారు?

పక్క బల్లల మీద తింటున్నవాళ్లు ఫోటోల కోసం రాలేదు కాబట్టి. పిల్లలు ఫ్రేములో ఉంటే అసలు తీయను. మెనూ, బిల్లు, కూర్చునే చోటు, మెట్లు తీస్తాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ప్లేటు ఫోటో కంటే మెట్ల ఫోటో ఎక్కువ ఉపయోగం. చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుందా అన్నది అడిగేవాళ్లు పెరిగారు, అందుకే గుమ్మం కూడా తీస్తున్నాను.

మేమూ రాయాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

మీరు ఇప్పటికే తరచూ వెళ్లే చోటుతో. కొత్త హోటళ్ల మీద రాయడానికి అందరూ పోటీ పడతారు. రోజూ నడిచే ఇస్త్రీ షాపు మీద, చెప్పులు కుట్టే మనిషి మీద, తాళాలు చేసే అతని మీద ఎవరూ రాయరు. ఆ మనుషుల కోసమే నగరానికి కొత్తగా వచ్చినవాళ్లు వెతుక్కుంటారు. ఎప్పుడు వెళ్లారు, ఏం తీసుకున్నారు, ఎంతసేపు పట్టింది, ఎంతయింది అని ముందు రాయండి. అభిప్రాయం ఆ తర్వాత. అద్భుతం, సూపర్ లాంటి మాటలు తీసేసి ఆ ఖాళీలో ఏం చూశారో పెట్టండి. చదివినవాళ్లకి మీరు పొగడకుండానే వెళ్లాలనిపిస్తుంది.

మీరు కావాలని రాయకుండా వదిలేసేవి ఉన్నాయా?

ఉన్నాయి. తెరిచి నెల కూడా కాని హోటల్ మీద రాయను. వాళ్లకి ఇంకా సరుకు లెక్క, మనుషుల లెక్క కుదరదు. బంధువులవీ, స్నేహితులవీ వదిలేస్తాను. వ్యక్తిగతంగా గొడవపడ్డ చోట్లు కూడా వదిలేస్తాను. ఇంకొకటి, నాలుగే బల్లలు ఉండి, ఒకే మనిషి వండి వడ్డించే హోటల్ గురించి రాసేముందు అతన్ని అడుగుతాను. ఒకాయన వద్దన్నాడు. ఉన్నవాళ్లకే సరిపోతోంది, ఇంకా జనం వస్తే పాతవాళ్లకి కూర్చోవడానికి చోటుండదు అన్నాడు. ఆ హోటల్ ఎక్కడో చాలామంది అడిగారు. చెప్పను.